పట్టాలు లేని రైలుబండి

రైలుబండిని చూచి ముచ్చటపడని బాల్యం ఉండదు. ఒకరి చొక్కా వెనుక ఒకరు పట్టుకొని, ముందున్నవాడు నోటితో కూత వేస్తూ, చివరనున్నవాడు ఆకుపచ్చ గుడ్డ ఊపుతూ వీధి ఈ కొసనుండి ఆ కొసకు పరుగెత్తే ఆట మన ఊళ్ళలో పిల్లలకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది. ఆ ఆటలో ఒక విశేషమున్నది. ఇంజను కావలెనని అందరూ పోటీపడతారు. పెట్టె కావలెనని ఎవరూ కోరరు. నడపడంలోని ఆనందం అటువంటిది. ఆ కోరిక పెద్దలలో కూడా చావక, కంప్యూటరు చేతికి దొరికిన తరువాత ఒక కొత్త రూపం ధరించినది. దానినే రైలు సిమ్యులేటరు అంటారు. నిజమైన రైలు నడకను కంప్యూటరు తెరమీద అనుకరించే ఆట అని దానికి అర్థం చెప్పుకోవచ్చును. అది ఎట్లా పుట్టి పెరిగినది, లోపల ఎట్లా పనిచేస్తుంది, దానివల్ల కలిగే ప్రయోజనమేమి అన్న మూడు సంగతులు ఈ ప్రసంగంలో మనవి చేస్తాను.

కంప్యూటరుకూ రైలుకూ చుట్టరికం ఈనాటిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో విద్యార్థులు బొమ్మరైళ్ళ సంఘమొకటి స్థాపించుకున్నారు. పెద్ద బల్లమీద పట్టాలు, ఊళ్ళు, చెట్లు. బల్ల క్రింద తీగెలు, మీటలు, టెలిఫోను కార్యాలయాలలో వాడే రిలేలు. బల్లమీది దృశ్యాన్ని అలంకరించడంలో కొందరికి ఆసక్తి. ఏ మీట నొక్కితే ఏ బండి ఏ పట్టామీదికి పోవలెనో నిర్ణయించే తీగెల చిక్కును విప్పడంలో మరికొందరికి ఆసక్తి. ఈ రెండవ జట్టువారే తరువాత ఆ సంస్థకు వచ్చిన కంప్యూటర్ల చుట్టూ చేరినారు. 1962లో వెలువడిన 'స్పేస్‌వార్' తొలినాటి కంప్యూటరు ఆటలలో ప్రసిద్ధమైనది. దానిని నిర్మించిన వారిలో ఈ బొమ్మరైళ్ళ సంఘం సభ్యులున్నారు. కనుక రైళ్ళతో ఆడుకున్నవారి చేతులమీదుగానే కంప్యూటరు ఆటలు నడక నేర్చినవని చెప్పడం అతిశయోక్తి కాదు.

రైళ్ళకు సంబంధించిన ఆటలు ముఖ్యంగా మూడు తెగలు. మొదటిది యజమాని ఆట. పెట్టుబడి తెచ్చి, మార్గాలు వేసి, సరకులు మోసి, లాభనష్టాలు లెక్క చూచుకోవడం ఇందులోని పని. సిడ్ మైయర్ అనే ప్రసిద్ధ రూపకర్త 1990లో వెలువరించిన 'రైల్‌రోడ్ టైకూన్' ఈ తెగకు చెందినది. రెండవది సిగ్నలు క్యాబినులో కూర్చున్నవాని ఆట. ఇందులో రైళ్ళు గీతలుగాను, అంకెలుగాను కనిపిస్తాయి. ఏ బండిని ముందు వదలవలెను, దేనిని లూపులైనులో నిలుపవలెను అన్నదే సమస్య. మూడవది డ్రైవరు ఆట. ఈనాటి ప్రసంగానికి ముఖ్యవిషయం ఈ మూడవదే.

డ్రైవరు ఆటకు తొలినాటి మంచి ఉదాహరణ 1985లో ఇంగ్లండులో హ్యూసన్ కన్సల్టెంట్స్ అనే సంస్థ వెలువరించిన 'సదరన్ బెల్'. లండనులోని విక్టోరియా స్టేషనునుండి సముద్రతీరమందలి బ్రైటన్‌కు ఆవిరి ఇంజనుతో ప్రయాణం చేయించవలెను. ఆనాటి ఇంటి కంప్యూటరుకున్న జ్ఞాపకశక్తి 48 కిలోబైట్లు మాత్రమే. నేడు చేతిలోని ఫోనులో తీసుకునే ఒక్క ఫోటోకు కూడా అది చాలదు. తెరమీద కనిపించే దృశ్యం ఏవో కొన్ని గీతలు. అయినా బొగ్గు ఎంత వేయవలెను, బాయిలరులో నీరు ఎంత ఉన్నది, ఆవిరి ఒత్తిడి తగ్గుతున్నదా, రెగ్యులేటరు ఎంత తెరవవలెను అన్న విషయాలన్నీ ఆటగాడే చూచుకోవలసి ఉండేది. బొగ్గు వేయడం మరచినవానికి ముందు వచ్చే ఎత్తుమీద ఆవిరి చాలదు. కొన్ని నిమిషాల క్రిందట చేసిన పొరపాటుకు ఇప్పుడు ఫలితం అనుభవించడమన్నది ఈ ఆటలకు ప్రాణం. బొమ్మలు ఎంత బాగున్నా ఈ గుణం లేకపోతే అది రైలు ఆట కాజాలదు.

జపానులో ఈ ఆట మరొక దారి పట్టినది. అక్కడ టైటో సంస్థ 1996లో 'డెన్షా దే గో' అనే ఆటను వినోదశాలలలో ప్రవేశపెట్టినది. వేగం పెంచే పిడి ఒకటి, బ్రేకు పిడి మరొకటి. మామూలు ఆటలలో ఎంత వేగంగా పోతే అంత గొప్ప. ఇందులో అట్లా కాదు. కాలపట్టికలోని సెకనుకు సరిగా స్టేషను చేరవలెను. ప్లాట్‌ఫారంమీద గుర్తించిన గీతకు సెంటీమీటర్ల తేడాతో బండిని నిలుపవలెను. నిలిచేటప్పుడు ప్రయాణికులు తూలిపోకూడదు. వేళతప్పని రైలును జాతిగౌరవంగా భావించే దేశంలో ఇటువంటి ఆట జనాదరణ పొందడం సహజమే. ఆ దేశంలోనే ఒక రైలు ప్రియుడు 1990లలో సొంతంగా 'బి.వి.ఇ.' అనే సిమ్యులేటరును తయారుచేసి అభిమానులకు అందించినాడు. బోసో ద్వీపకల్పంలో తిరిగే ఒక రైలుబండి పేరును అనుసరించి దానికి ఆ పేరు వచ్చినది. డ్రైవరు గదిలోనుండి ముందుకు చూచే దృశ్యమే అందులో ప్రధానం. బండి కదలికలోని కుదుపుకూ చప్పుడుకూ అందులో ఇచ్చినంత శ్రద్ధ అంతకు ముందు తక్కువ ఆటలలో కనిపిస్తుంది.

2001వ సంవత్సరం ఈ చరిత్రలో ఒక మలుపు. ఆ సంవత్సరమే ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఆరన్ అనే సంస్థ 'ట్రెయిన్జ్' అనే ఆటను వెలువరించినది. బల్లమీది బొమ్మరైళ్ళ సరదాను కంప్యూటరులోనికి తేవడం దాని ఆశయం. ఆ సంవత్సరమే మైక్రోసాఫ్ట్ సంస్థ, ఇంగ్లండులోని కుజు అనే సంస్థచేత తయారు చేయించిన 'ట్రెయిన్ సిమ్యులేటరు'ను విడుదల చేసినది. ఇందులో ప్రపంచంలోని ఆరు మార్గాలున్నవి. ఇంగ్లండులో సెటిల్–కార్లైల్, ఆస్ట్రియాలో ఆల్ప్స్ పర్వతాలలోని మార్గం, అమెరికాలో ఫిలడెల్ఫియా–వాషింగ్టన్ మార్గమూ మోంటానాలోని మరియాస్ కనుమా, జపానులో టోక్యో–హకోనె మార్గమూ క్యూషూ ద్వీపంలోని హిసాత్సు మార్గమూ. ఆటతోపాటు మార్గాలను నిర్మించుకొనే పనిముట్లు కూడా కొన్నవారి చేతికే ఇచ్చినారు. తమ ఊరి స్టేషనును, తమ చిన్ననాటి ఇంజనును తామే కట్టుకోవడానికి సాధారణ జనానికి ఆవిధంగా అవకాశం కలిగినది. ఆ పనికి పూనుకున్నవారు దేశదేశాలలో వేలమంది తేలినారు.

ఇక లోపలి సంగతి. తెరమీద కనిపించే కొండలు, చెట్లు, వంతెనలు రంగస్థలంమీది తెరలవంటివి. మైక్రోసాఫ్ట్ ఆటలో భూమినంతటినీ 2048 మీటర్ల చదరపు పలకలుగా విభజించినారు. బండి ముందుకు సాగుతున్నకొద్దీ రాబోయే పలకలను కంప్యూటరు జ్ఞాపకంలోనికి తెచ్చుకొని, దాటిపోయిన పలకలను వదలిపెడుతుంది. పట్టాలను మాత్రం అది వేరుగా లెక్కపెట్టుకుంటుంది. పాయింట్లున్న చోట్లు ముడులు. ముడికీ ముడికీ నడుమనున్న పట్టా ఒక దారం. ప్రతి దారానికీ పొడవు, వంపు, ఎత్తుపల్లాలు లెక్కలో ఉంటాయి. ఈ ముడులూ దారాలూ కలిసిన వలమీద బండి ఎక్కడ ఉన్నదో తెలిస్తే, మిగిలినదంతా గణితశాస్త్రం చూచుకుంటుంది.

ఆ గణితం కూడా మనకు అర్థంకానిదేమీ కాదు. ఒక్కొక్క సెకనులో పలుమార్లు కంప్యూటరు ఒకే ప్రశ్న వేసుకుంటుంది: ఈ క్షణాన బండిని ముందుకు లాగే బలమెంత, వెనుకకు లాగే బలమెంత? ఆ రెంటి తేడాను బండి బరువుతో భాగించి, వేగం ఎంత పెరిగినదో, ఎంత తగ్గినదో తెలుసుకుంటుంది. వెనుకకు లాగే బలాలలో ఒకటి ఎత్తు. నూరు మీటర్లకు ఒక మీటరు లేచే దారిమీద 400 టన్నుల బండి వెనుకకు జారకుండా నిలబెట్టడానికే 4 టన్నుల బలం కావలెను. రెండవది చక్రాలకూ గాలికీ సంబంధించిన ప్రతిబంధం. డేవిస్ అనే అమెరికా ఇంజనీరు 1926లో దీనికి ఒక సూత్రం ఏర్పరచినాడు. అందులో ఒక భాగం వేగంతో నిమిత్తం లేకుండా ఉంటుంది. ఒక భాగం వేగంతోపాటు పెరుగుతుంది. గాలివల్ల కలిగే మూడవ భాగం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. ఒక శతాబ్దం క్రిందటి ఆ సూత్రమే నేటి సిమ్యులేటర్లకు కూడా ఆధారం.

ముందుకు లాగే బలానికి కూడా ఒక హద్దున్నది. ఇంజనుకు ఎంత శక్తి ఉన్నా చక్రం పట్టామీద పట్టు తప్పితే ఉన్నచోటనే తిరుగుతుంది. ఈ పట్టు వేగంతోపాటు తగ్గుతుందని కర్టియస్, క్నిఫ్లర్ అనే జర్మను పరిశోధకులు ప్రయోగాలు చేసి నిరూపించినారు. వారి సూత్రం ప్రకారం 100 టన్నుల బరువంతా నడిపే చక్రాలమీదనే ఉన్న ఇంజను, పొడి పట్టాలమీద కదిలేటప్పుడు సుమారు 33 టన్నుల బలంతో లాగగలదు. అదే ఇంజనుకు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 21 టన్నుల వరకే పట్టు దొరుకుతుంది. వాన పడితే ఇంకా తక్కువ. అప్పుడు డ్రైవరు పట్టాలమీద ఇసుక వదలుతాడు. మంచి సిమ్యులేటరులో వాన తెరకు అలంకారమై ఊరుకోదు. ఎత్తుమీద చక్రాలను జారుస్తుంది.

అన్నిటికంటె కష్టమైనది బ్రేకు. రైలు గాలిబ్రేకులో బండి పొడుగునా ఒక గొట్టం ఉంటుంది. దానిలో గాలి ఒత్తిడి నిండుగా ఉన్నంతవరకు బ్రేకులు విడిచి ఉంటాయి. ఒత్తిడి తగ్గిస్తే పట్టుకుంటాయి. మన దేశంలో ఈ గొట్టంలోని ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 5 కిలోగ్రాములు. డ్రైవరు తగ్గించిన ఒత్తిడి పొడుగైన గూడ్సు బండి చివరి పెట్టెకు చేరడానికి కొన్ని సెకండ్లు పడుతుంది. విడిచిన తరువాత గొట్టమూ, పెట్టెల క్రింది గాలితొట్లూ తిరిగి నిండడానికి ఇంకా ఎక్కువ సమయం కావలెను. పల్లంలో మాటిమాటికీ బ్రేకు వేసి విడిచేవానికి చివరకు వేయడానికి గాలి చాలదు. మరొక లెక్క చూడండి. సెకనుకు అర మీటరు చొప్పున వేగం తగ్గించే బ్రేకుతో గంటకు 50 కిలోమీటర్ల వేగంలోని బండి 193 మీటర్లలో ఆగుతుంది. 100 కిలోమీటర్ల వేగంలోని బండికి సుమారు 770 మీటర్లు కావలెను. అందుకే ఈ ఆట నేర్చుకొనేవారు మొదట ప్రతి స్టేషనునూ దాటిపోయి సిగ్నలుకు అవతల నిలుస్తారు. నడపడం ఒక పూటలో వస్తుంది. ఆపడం నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

వీటికి తోడు సిగ్నళ్ళున్నవి. ఒక బ్లాకులో బండి ఉన్నంతవరకు దాని వెనుక సిగ్నలు ఎరుపు చూపవలెను. ఎదురు వచ్చే బండ్లను, దాటిపోయే బండ్లను కంప్యూటరే కాలపట్టిక ప్రకారం నడుపుతుంది. ఈ మధ్యకాలంలో ఆ పనికి కూడా మనుషులే వస్తున్నారు. పోలెండులో తయారై 2023లో వెలువడిన 'సిమ్‌రైల్' అనే ఆటలో ఒకరు డ్రైవరుగా, మరొకరు సిగ్నలు వేసే ఉద్యోగిగా, వేరు వేరు ఊళ్ళలో కూర్చుండి ఒకే మార్గంమీద పనిచేస్తారు. ఒకరి అలసత్వం మరొకరిని ఎర్రదీపం ముందు నిలబెడుతుంది. దృశ్యాల విషయంలోనూ గొప్ప మార్పు వచ్చినది. 2007లో 'రైల్ సిమ్యులేటరు', దాని వారసులు, 2017లో తొలిరూపం ప్రజలముందుకు వచ్చిన 'ట్రెయిన్ సిమ్ వరల్డ్' అంతకంతకు నిజాన్ని పోలిన చిత్రాలను చూపినవి. డ్రైవరు గదిలోని ప్రతి మీటనూ పట్టుకొని తిప్పవచ్చును. బండి దిగి ప్లాట్‌ఫారంమీద నడవవచ్చును. అయితే ఒక్కొక్క మార్గానికీ ఒక్కొక్క ఇంజనుకూ వేరుగా వెల చెల్లించవలసి రావడం సామాన్యునికి భారమన్న విమర్శ కూడా ఉన్నది.

ఇక్కడ మనం ఆలోచింపదగిన విషయం ఒకటి చెబుతాను. 2001లో అంత ఆదరణ పొందిన మైక్రోసాఫ్ట్ ఆట ఏమైనది? దాని రెండవ భాగాన్ని తయారు చేస్తున్నామని 2003లో ప్రకటించి 2004లో మానుకున్నారు. 2007లో తిరిగి ప్రకటించినారు. 2009 జనవరిలో ఆ పనిచేసే విభాగాన్నే మూసివేసినారు. అప్పటికి దేశదేశాల అభిమానులు ఆ ఆటకోసం కట్టిన మార్గాలు, ఇంజనులు లెక్కకు మిక్కిలిగా ఉన్నవి. సంవత్సరాలపాటు రాత్రులు మేలుకొని పాత ఫోటోలు, పటాలు ముందు పెట్టుకొని చేసిన పని అది. అసలు ఆట కొత్త కంప్యూటర్లమీద సరిగా నడవకపోతే ఆ పనంతా బూడిదపాలు కావలసినదే. అప్పుడు కొందరు స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, 2009 ప్రాంతంలో 'ఓపెన్ రైల్స్' అనే కొత్త సిమ్యులేటరుకు పునాది వేసినారు. పాత ఆటకు కట్టిన మార్గాలనే చదువుకొని, కొత్త యంత్రంమీద, మెరుగైన గణితంతో నడపడం దాని పని. దాని మొదటి పూర్తి రూపం 2015లో వెలువడినది. వెల లేదు. లోపలి వ్రాతను ఎవరైనా చదువవచ్చును, దిద్దవచ్చును. ఇంతకు ముందు చెప్పిన పట్టు సూత్రమూ, బ్రేకు గాలి లెక్కలూ అందులో శ్రద్ధగా చేర్చినవే.

ఆ ఆరు మార్గాలలో రెండింటి కథ విన్నవారికి ఈ సంగతి ఇంకా బాగా బోధపడుతుంది. సెటిల్–కార్లైల్ మార్గం 1876లో ప్రయాణికులకు తెరచినది. నూరింట ఒకటిగా మైళ్ళ తరబడి ఎక్కే దారి, రిబిల్‌హెడ్ వద్ద 24 కమానుల వంతెన దాని విశేషాలు. వంతెన మరమ్మతుకు ఖర్చు ఎక్కువని 1980లలో ఆ మార్గాన్ని మూసివేయదలచినారు. ఇరవైవేలమందికి పైగా అభ్యంతరాలు వ్రాసి పంపినారు. వాటిలో టిక్కెట్టు కొని ప్రయాణం చేసే ఒక పెంపుడు కుక్క పాదముద్ర కూడా ఉన్నది! 1989లో ప్రభుత్వం మూసివేత ఆలోచనను విరమించుకొన్నది. రెండవది జపానులోని హిసాత్సు మార్గం. దానిలో 1909లో పూర్తియైన కొండభాగంలో ఒకోబా అనే స్టేషనున్నది. బండి కొండచుట్టూ ఉంగరంవలె తిరిగి, నడుమ ముందుకూ వెనుకకూ మళ్ళి ఎక్కే ఏర్పాటు ఆ దేశంలో అక్కడ ఒక్కచోటనే ఉన్నది. 2020 జూలైలో కుమా నది వరదలకు ఈ మార్గంలోని వంతెనలు కొట్టుకొనిపోయి, కొండభాగానికి రైళ్ళు ఆగిపోయినవి. ఆటలో మాత్రం ఒకోబా ఉంగరం చుట్టూ చిన్న డీజిలు బండి 2001 నాటివలెనే ఎక్కుతూనే ఉన్నది. మొదటి మార్గాన్ని నిలిపినది దానిని ప్రేమించిన ప్రజలు. రెండవదాని నడకను గుర్తుంచుకున్నది ఒక ఆట. ఆ ఆటనుకూడా నిలిపినది ప్రజలే.

మన దేశంలో కూడా ఈ ఆసక్తి లేకపోలేదు. 1962లో అమెరికానుండి తొలుత వచ్చి, తరువాత వారణాసిలో తయారై, దశాబ్దాలపాటు దేశమంతటా బండ్లు లాగిన డబ్ల్యు.డి.ఎం.–2 డీజిలు ఇంజనును, మన విద్యుత్తు ఇంజనులను, నీలిరంగు పెట్టెలను భారతీయ అభిమానులు ఈ సిమ్యులేటర్లకోసం శ్రమపడి నిర్మించినారు. లోకో పైలట్లకు శిక్షణనివ్వడానికి భారత రైల్వేలు కూడా సిమ్యులేటర్లను వాడుతున్నవి. అక్కడ నిజమైన డ్రైవరు గది, కదిలే వేదిక ఉంటాయి. పొగమంచు, పశువులు అడ్డురావడం, బ్రేకు చెడిపోవడం వంటి ఆపదలను ప్రాణభయం లేకుండా ముందే అభ్యసింపజేస్తారు.

అయితే ఆటకూ వృత్తికీ గల దూరాన్ని మరువరాదు. ఇంట కూర్చుండి నడిపేవానికి ఎండ లేదు, నిద్రలేమి లేదు. ఎర్రసిగ్నలు దాటితే తెరమీద ఒక మాట కనిపిస్తుంది. మళ్ళీ మొదటినుండి ఆడవచ్చును. నిజమైన డ్రైవరు వెనుక వేయిమంది నిద్రపోతూ ఉంటారు. ఆయనకు రెండవ అవకాశం లేదు. ఈ ఆట ఆడిన తరువాత ఆ మనిషిమీద గౌరవం పెరగకపోతే ఆడినవాడు దానిని సరిగా ఆడలేదనే చెప్పవలెను. పిల్లలు గంటలకొద్దీ తెరముందు కూర్చోకుండా చూచుకోవలసిన బాధ్యత పెద్దలది. కాని ఓర్పు, ముందుచూపు, నియమపాలన నేర్పే ఆటలు తక్కువగా ఉన్న కాలంలో, ఆపడంలోనే నేర్పు ఉన్నదని చెప్పే ఈ ఆటను తీసిపారవేయరాదు.

చివరగా ఒక మనవి. 1992లో మన రైల్వేలు మార్గాలన్నిటినీ ఒకే వెడల్పుకు తేవలెనని పూనుకున్న తరువాత మీటరుగేజి మార్గాలు ఒక్కొక్కటిగా మారిపోయినవి. గుంటూరు–గుంతకల్లు మార్గం కూడా అట్లా బ్రాడ్‌గేజి అయినదే. ఆవిరి ఇంజను అంతకుముందే తగ్గుముఖం పట్టినది. ఆ మార్గాల పటాలు కార్యాలయాలలో దొరకవచ్చును. ఏ ఎత్తు మొదట్లో రెగ్యులేటరు ఎంత తెరిచేవారు, ఏ వంపుకు ముందు ఏ చెట్టును గుర్తు పెట్టుకొని బ్రేకు వేసేవారు, వానాకాలంలో ఏ చోట చక్రాలు జారేవి అన్న సంగతులు మాత్రం ఏ పటంలోనూ ఉండవు. అవి పదవీ విరమణ చేసిన డ్రైవర్ల, ఫైర్‌మాన్ల, గార్డుల మనసులలో ఉన్నవి. సిమ్యులేటరు కట్టేవానికి అటువంటి ఒక్కొక్క వివరమూ బంగారంతో సమానం. మీ ఇంటనో, మీ వీధిలోనో అటువంటి పెద్దలుంటే వారిచేత చెప్పించి వ్రాసిపెట్టుకోండి. పట్టాలు తీసివేసినచోట మళ్ళీ బండి నడవకపోవచ్చును. నడిపినవారి నేర్పును కూడా వాటితోపాటు పోనివ్వనవసరం లేదు.